సంక్రాంతి సంబరాలకెళ్తే వంద పౌండ్ల ఉత్తరం: చీకట్లో కనబడని బోర్డుకి డబ్బు కట్టాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి అర్థమయ్యేలా ముందు సంగతి క్లుప్తంగా చెప్తాను. జనవరి 17 శనివారం మీ ఊళ్ళో తెలుగువాళ్ళ సంక్రాంతి సంబరాలు. హాలు పక్కనే నాలుగైదు దుకాణాలకి కలిపి ఒక ప్రైవేటు కార్ పార్కు. కెమెరా లెక్కన కారు 5:40కి లోపలికి, 9:25కి బయటికి. లోపలికొచ్చేచోట స్తంభానికి పైన ‘2 గంటలు ఉచితం’ అన్న బోర్డు ఉందట, అది కనబడలేదు. హాలు వైపు గోడకి మాత్రం ‘సాయంత్రం 6 తర్వాత ఉచితం’ అని వెలిసిపోయిన పాత బోర్డు ఉంది, దాన్ని చూసే నిశ్చింతగా వెళ్ళారు. జనవరి 26 తేదీతో ఉత్తరం వచ్చింది: 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 60. రూమ్మేటేమో చెత్తబుట్టలో పడెయ్ అంటున్నాడు, ఆఫీసులో సీనియరేమో రేపు వీసాకి అడ్డొస్తుంది, కట్టెయ్ అంటున్నాడు.

ఇద్దరూ నీ మంచి కోరేవాళ్ళే, ఇద్దరి మాటా తప్పే.

నేను లాయర్ని కాదు, అకౌంట్స్ పని చేసుకునేవాణ్ణి. ఇంగ్లండ్‌లో పదిహేడేళ్ళుగా కారు నడుపుతున్నా. ఇలాంటి ఉత్తరాలు నాకొచ్చినవి మూడు. స్నేహితులకీ, గుడి దగ్గర పరిచయమైన కుర్రాళ్ళకీ రాసిపెట్టినవి పాతిక దాకా ఉంటాయి. అన్నీ గెలవలేదు. నా సొంత తెలివితక్కువతో ఓడిపోయిందీ ఒకటుంది, దాని సంగతి కింద చెప్తాను, నీకు పనికొస్తుంది.

ముందు ఒక పని చెయ్. ఆరోజు స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో నీ ప్రశ్నలో రాశావు. ఆ వాక్యం ఇప్పుడే తీసెయ్. నేనూ దాన్ని ఇక్కడ మళ్ళీ ఎత్తను. ఎందుకంటే, ఇలాంటి పార్కింగ్‌లో ఒప్పందమంటూ ఉంటే అది డ్రైవర్‌తో. డ్రైవర్ ఎవరో సంస్థకి తెలియదు. దానికి తెలిసింది డీవీఎల్ఏకి (బళ్ళ రిజిస్ట్రేషన్లు చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ) రెండున్నర పౌండ్లు కట్టి తెచ్చుకున్న నీ పేరు, అంటే లాగ్‌బుక్‌లో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) ఉన్న కీపర్ పేరు మాత్రమే. కీపర్ని పట్టుకోవాలంటే 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం నాలుగో షెడ్యూల్లో ఉన్న షరతులన్నీ సంస్థ పాటించి తీరాలి. అద్దం మీద ఏ కాగితమూ పెట్టకుండా కెమెరా ఫోటోతోనే పంపితే, పార్కింగ్ జరిగిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లో ఉత్తరం చేరాలి. నీ లెక్క చూద్దాం: 18 నుంచి మొదలెడితే గడువు 31. ఉత్తరం 26 సోమవారం పోస్టు చేశారనుకుంటే, రెండో పనిదినానికి, అంటే 28కి చేరినట్టే చట్టం భావిస్తుంది. గడువులోపే. కాబట్టి తేదీల దారి నీకు మూసుకున్నట్టే. అయినా ఆ ఉత్తరంలో చట్టం చెప్పమన్న మాటలన్నీ ఉన్నాయో లేదో ఇంకా చూడాలి, అందాకా మన చేతిలోది మనం ఇవ్వక్కర్లేదు. అబద్ధం చెప్పమని కాదు సుమా. ‘డ్రైవర్ కారు పెట్టారు’, ‘కీపర్‌గా నేను అప్పీలు చేస్తున్నాను’ అని రాయడం, అంతే. తెలుగులో అయితే ‘పెట్టాను’, ‘పెట్టింది’ అనగానే క్రియే మనిషిని పట్టించేస్తుంది. ఇంగ్లీషులో ఆ బాధ లేదు, ‘ఐ’ అన్న ఒక్క అక్షరం పొరపాటున దొర్లకుండా చూసుకుంటే చాలు.

(ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. గ్లాస్గోలోనో బెల్‌ఫాస్ట్‌లోనో ఉన్నవాళ్ళు దీన్ని యథాతథంగా వాడుకోవద్దు, అక్కడి చట్టం వేరు.)

ఇప్పుడు ఆ కాగితం అసలేమిటో. కౌన్సిల్ పంపేది పెనాల్టీ ఛార్జ్ నోటీసు, నీకొచ్చింది పార్కింగ్ ఛార్జ్ నోటీసు. రెండిటికీ పొట్టిపేరు పీసీఎన్నే, రంగులూ గళ్ళూ కూడా ఒకేలా ఉంటాయి, ఊరికే కాదు. కౌన్సిల్‌ది చట్టం వేసిన జరిమానా. నీది ఒక ప్రైవేటు కంపెనీ ‘మీరు మా షరతులకి ఒప్పుకున్నారు, తప్పారు, కాబట్టి ఇంత ఇవ్వండి’ అని పంపిన బిల్లు. ఒప్పుకున్నారని చెప్పడానికి వాళ్ళ దగ్గరున్న ఏకైక ఆధారం బోర్డు. సంతకం లేదు, మాట్లాడిన మనిషి లేడు. బోర్డు పడిపోతే ఒప్పందం పడిపోతుంది. ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

వీసా సంగతి. ఈ ఉత్తరం నేరమూ కాదు, శిక్షా కాదు. వీసా, ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఫారాల్లో దీని గురించి అడగరు. వాళ్ళు అడిగేది కోర్టు తీర్పుల గురించి: బాకీ కట్టనందుకు నీ మీద సివిల్ కోర్టు తీర్పేమైనా ఉందా అన్న ప్రశ్న ఒకటుంటుంది. అక్కడిదాకా వెళ్ళాలంటే వాళ్ళు కౌంటీ కోర్టులో కేసు వేయాలి, నువ్వు ఓడిపోవాలి, లేదా అసలు జవాబే ఇవ్వకుండా కూర్చోవాలి. రెండోదే ఎక్కువ జరుగుతుంది. అందుకే మీ రూమ్మేటు సలహా ప్రమాదం. అతన్ని తప్పుపట్టను, ఆ సలహాకి ఒకప్పుడు అర్థముండేది. 2012 అక్టోబరుకి ముందు కీపర్ని బాధ్యుణ్ణి చేసే చట్టం లేదు, ఉత్తరం చించి పారేస్తే కథ చాలావరకు అక్కడితో అయిపోయేది. అదే చట్టం ప్రైవేటు స్థలాల్లో చక్రానికి తాళం వేయడాన్ని నిషేధించి, బదులుగా కీపర్ని వాళ్ళ చేతికి ఇచ్చింది. సలహా మాత్రం పాతదే ఇంకా చేతులు మారుతోంది.

అప్పీలు రాసే ముందు ఒక మనిషిని వెతుకు. మన హైదరాబాద్‌లో మాల్ దగ్గర గొడవైతే గేటు దగ్గర కుర్రాడుంటాడు, బిల్లు చూపించి, అన్నా తమ్ముడూ అని ఏదో తేల్చుకుంటాం. ఇక్కడ గేటు దగ్గర కెమెరాయే, దాన్ని అన్నా అంటే పలకదు. కానీ స్థలం యజమాని ఒకడుంటాడు. ఆ దుకాణాల్లో ఏదో ఒకదాని మేనేజరు, లేదా స్థలాన్ని చూసుకునే ఏజెంటు. పార్కింగ్ కంపెనీ వాళ్ళు పెట్టుకున్న కాంట్రాక్టరు మాత్రమే, వాళ్ళు ఒక్క మెయిలు రాస్తే రద్దయిపోయిన నోటీసులు నేను చాలా చూశాను. ఆరోజు అక్కడ ఏమైనా కొన్నారా? బ్యాంకు స్టేట్‌మెంట్లో మూడు పౌండ్ల పాల డబ్బా ఉన్నా సరే, దాన్ని తీసుకుని వెళ్ళు. మీ సంఘం కార్యదర్శిని కూడా హాలు మేనేజరుకి రాయమను. సంబరాలకి వచ్చిన వాళ్ళలో ఈ ఉత్తరం నీ ఒక్కడికే వచ్చి ఉండదు, పదిమంది పేర్లతో వెళ్ళిన ఫిర్యాదు వేరేగా ఉంటుంది. ఇది జరుగుతుండగానే అప్పీలు గడువు కూడా నడుస్తూంటుంది, మర్చిపోవద్దు.

ఇక బోర్డుల దగ్గరికొద్దాం.

‘బోర్డు సరిగ్గా లేదు’ అని ఒక్క వాక్యం రాసి పంపినవాళ్ళందరూ ఓడిపోతారు. సంస్థ దగ్గర దానికి జవాబు ముందే టైపు చేసి ఉంటుంది. ఆ జవాబులో తప్పకుండా కనిపించే పేరు బీవిస్. 2015 నవంబరు 4న ఇక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, పార్కింగ్ఐ కంపెనీకీ బ్యారీ బీవిస్ అనే ఆయనకీ మధ్య. చెమ్స్‌ఫర్డ్‌లో ఒక రిటైల్ పార్కు, రెండు గంటలు ఉచితం, ఆయన 56 నిమిషాలు ఎక్కువ ఉన్నాడు, 85 పౌండ్లు అడిగారు. ఇది అన్యాయమైన పెనాల్టీ అని ఆయన వాదన. ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు కంపెనీ వైపు నిలిచారు. అప్పట్నుంచి ‘వంద పౌండ్లు ఎక్కువ, వాళ్ళకి నష్టమేం జరిగింది’ అన్న వాదన చచ్చిపోయింది, దాని మీద నీ సిరా వృథా చేయకు.

కానీ ఆ తీర్పుని వాళ్ళు సగమే చదువుతారు, మిగతా సగం మనం చదవాలి. అక్కడ ప్రవేశద్వారం దగ్గరా లోపలంతటా కలిపి ఇరవై దాకా బోర్డులున్నాయి. అవి పెద్దవి, ప్రస్ఫుటమైనవి, చదవడానికి వీలైనవి అని కోర్టు గుర్తించింది. అక్కడికొచ్చే మామూలు మనిషికెవరికైనా అవి ఉన్నాయని తెలుస్తుంది, చదువుకునే అవకాశం ఉంటుంది అంది. 85 పౌండ్లన్న అంకె బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉంది. అంటే కంపెనీ గెలిచింది ఆ బోర్డుల పుణ్యమే. కాబట్టి నీ అప్పీలులో బీవిస్‌ని చూసి పారిపోకు, నువ్వే ముందు తీసుకురా: ‘ఆ కార్ పార్కులో ఇలా ఉంది, ఇక్కడ ఇలా ఉంది’ అని పక్కపక్కన పెట్టు. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇక్కడి బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది ‘2 గంటలు ఉచితం’ అన్నదే, 100 పౌండ్ల ముక్క కింద పేరాలో ఎక్కడో ఉంది. డ్రైవర్‌కి లాభమైన మాట దూరం నుంచి కనిపిస్తూ, నష్టమైన మాట ముక్కు ఆనిస్తే తప్ప కనిపించకపోతే, దేనికి ఒప్పుకున్నట్టు?

రెండో కేసు వైన్, వాల్తమ్ ఫారెస్ట్ కౌన్సిల్ మీద, 2000లో అప్పీలు కోర్టు తీర్పు. ఒకావిడకి ఒంట్లో బాగోక, వాంతయ్యేలా ఉంటే గబుక్కున ఒక ప్రైవేటు స్థలంలో కారు ఆపింది. పక్కన నిలిపిన రేంజ్ రోవర్ అడ్డొచ్చి గోడ మీది నోటీసు కనబడలేదు. తిరిగొచ్చేసరికి చక్రానికి తాళం. ఆవిడ గెలిచింది, నోటీసు చూడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు కాదు అని. ఇది చదివి చాలామంది ‘నేనూ చూడలేదు’ అని రాస్తారు, ఓడిపోతారు. ఎందుకంటే అదే తీర్పులో ఇంకో మాట ఉంది: నోటీసులు తప్పక కంటబడేచోట ఉంటే, డ్రైవర్ చూసినట్టే కోర్టు మామూలుగా తీసుకుంటుంది. అంటే ‘చూడలేదు’ అనడం నీ గురించి చెప్పడం. ‘కనబడదు’ అని నిరూపించడం ఆ స్థలం గురించి చెప్పడం. నీకు కావలసింది రెండోది.

నీ చేతిలో అన్నిటికన్నా గట్టిది ఆ పాత బోర్డు. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ చట్టం 68వ సెక్షన్ ప్రకారం వినియోగదారుడికిచ్చే షరతు తేలిక భాషలో, చదవగలిగేలా ఉండాలి. 69వ సెక్షన్ ఇంకా మంచిది: ఒక షరతుకి రెండు అర్థాలు వచ్చే వీలుంటే వినియోగదారుడికి మేలైన అర్థమే చెల్లుతుంది. ఒకే స్థలంలో ఒక బోర్డు రెండు గంటలంటోంది, ఇంకోటి ఆరు దాటితే ఉచితమంటోంది. 5:40కి వచ్చి, ఆరయ్యాక ఉచితమనుకుని ఉండిపోయినవాడు ఏ బోర్డునీ ధిక్కరించలేదు, రెండిట్నీ కలిపి చదువుకున్నాడు. ‘ఆ బోర్డు మాకు ముందున్న కంపెనీది, మాది కాదు’ అని వాళ్ళంటారు చూడు, తప్పకుండా అంటారు. అనడం మంచిదే, బోర్డు ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. గోడ మీద ఉన్న బోర్డు ఏ కంపెనీది, ఎవరి కాంట్రాక్టు ఎప్పుడు ముగిసింది అని విచారించే పని డ్రైవర్‌ది కాదు. డబ్బు వసూలుకి దిగేముందు పాతవి పీకేసుకోవలసింది వాళ్ళు.

గడువు దాటాక చూసీచూడనట్టు వదిలే గ్రేస్ టైము పది నిమిషాలుంటుందని ఎవరో చెప్పారన్నావు. ఉంటుంది, కానీ రెండు గంటల లెక్కే నిలబడితే నీకు గంటా ముప్పావు ఎక్కువైంది. దాని జోలికి పోకు.

ఇప్పుడు ఫోటోలు. అప్పీలు బాగా రాయడం కన్నా ఇది ముఖ్యం, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను. నా ఓటమి కూడా ఇక్కడిదే. కొన్నేళ్ళ క్రితం ఒక జిమ్ బయట ఇలాంటిదే వస్తే, ఆదివారం మిట్టమధ్యాహ్నం ఎండలో వెళ్ళి, బోర్డు మీద అక్షరాలు ఎంత చిన్నవో చూపిద్దామని ఫోన్‌తో బాగా జూమ్ చేసి తీసి పంపాను. ఫోటోలో ప్రతి అక్షరం ముత్యంలా వచ్చింది. ‘అప్పీలుదారు పంపిన ఫోటోల్లోనే షరతులు స్పష్టంగా చదవగలిగేలా ఉన్నాయి’ అని జవాబొచ్చింది. నా వేలితో నా కన్నే పొడుచుకున్నట్టయింది. కట్టాను.

అందుకని నువ్వు చీకటి పడ్డాకే వెళ్ళు. సరిగ్గా ఆరోజు ఏ సమయానికి వచ్చారో ఆ సమయానికి. జనవరి 17న లండన్ చుట్టుపక్కల నాలుగూ ఇరవై ప్రాంతంలో పొద్దు గూకింది, 5:40కి కటిక చీకటి. ఫిబ్రవరి చివరికొచ్చేసరికి అదే 5:40కి అప్పుడే సూర్యుడు దిగుతుంటాడు, నీ ఫోటోలో ఆకాశం వెలుగుగా వస్తుంది, చీకటన్న వాదన నీరుగారిపోతుంది. ఆలస్యం చేయకు. పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, రోడ్డు మీది నుంచి మలుపు తిరిగి లోపలికొచ్చేదాకా డ్రైవర్ కంటి ఎత్తులో ఒకే వీడియో తీయించు. మధ్యలో ఆపొద్దు, జూమ్ వద్దు. అన్నిటికంటే ముఖ్యం: ఫోన్‌లో నైట్ మోడ్ తీసెయ్. ఇప్పటి ఫోన్లు చీకటిని పట్టపగలు చేసి చూపిస్తాయి, అది నీకు శత్రువు. ఫ్లాష్ కూడా వద్దు, కొన్ని బోర్డులు వెలుగు పడితే మెరుస్తాయి.

తర్వాత దిగి నడువు. స్తంభానికున్న బోర్డు ఎంత ఎత్తులో ఉందో తెలిసేలా కింద ఒక మనిషిని నిలబెట్టి తియ్యి. దీపం వెలగట్లేదన్నావు, అది తప్పక రావాలి. బోర్డు ముఖం ఎటువైపు తిరిగి ఉందో చూడు. కుడివైపు నుంచి మలుపు తిరిగి వచ్చేవాళ్ళకి దాని అంచు మాత్రమే కనిపిస్తే, సగం కేసు అక్కడే ఉంది. ఆరోజు కారు పెట్టిన గడి నుంచి చుట్టూ తియ్యి, అక్కడ నిలబడితే ఏ బోర్డైనా కనిపిస్తుందా? హాలు తలుపుదాకా నడిచే దారిలో? పాత బోర్డుని దగ్గర్నుంచీ, దూరం నుంచీ, వెనకాల దుకాణం పేరు పడేలా కూడా తియ్యి. లేకపోతే ‘ఇది ఎక్కడిదో’ అంటారు. నీ ఉత్తరం అందాక ఆ బోర్డు మాయమైపోతే ఆశ్చర్యపడకు, అందుకే అప్పీలు పంపే ముందే ఇది అయిపోవాలి. గూగుల్ స్ట్రీట్ వ్యూలో ఆ గోడ కనిపిస్తుందేమో చూడు, దాని మీద నెల, ఏడాది ఉంటాయి.

వాళ్ళ దగ్గరున్నది కూడా అడుగు. నీ సమాచారం మొత్తం ఇవ్వమని కంపెనీ డేటా విభాగానికి మెయిలు పెడితే నెలలోగా ఉచితంగా ఇవ్వాలి: ఫోటోలు, కెమెరా వేళలు, నీకు పంపిన ఉత్తరాలు.

అప్పీలు పొడుగ్గా ఉండక్కర్లేదు. దాని సారం ఇలా ఉంటే చాలు, ఇంగ్లీషు నువ్వు చూసుకో: ‘ఈ కారు రిజిస్టర్డ్ కీపర్‌గా రాస్తున్నాను. కారు వచ్చిన వేళకి చీకటి, ప్రవేశం దగ్గరి బోర్డుకి వెలుతురు లేదు, రోడ్డు నుంచి వచ్చే డ్రైవర్‌కి అది కనబడదు, వీడియో జతచేశాను. బోర్డు మీద ఛార్జీ మొత్తం చిన్న అక్షరాల్లో ఉంది, బీవిస్ కేసులోని బోర్డులతో దీనికి పోలిక లేదు. అదే స్థలంలో సాయంత్రం 6 తర్వాత ఉచితమన్న బోర్డు ఉంది, డ్రైవర్ దాన్ని చదివి దాని ప్రకారమే నడుచుకున్నారు, 69వ సెక్షన్ ప్రకారం ఆ అర్థమే చెల్లుతుంది. ఈ స్థలంలో ఛార్జీలు వేసే అధికారం యజమాని మీకిచ్చినట్టు కాగితం చూపండి.’ ఇక ఆపెయ్. పాప ఏడుస్తోంది, ముగ్గుల పోటీ ఆలస్యమైంది, ఈ దేశానికి కొత్త, ఇవేవీ వద్దు. జాలి పడేవాళ్ళు అక్కడెవరూ లేరు, పైగా ఆ కథలు చెప్పేటప్పుడే డ్రైవర్ ఎవరో బయటపడిపోతుంది.

28 రోజుల్లోపు పంపాలి, కానీ నువ్వు 14 రోజుల్లోపే పంపు. తిరస్కరించినా 60కి కట్టే అవకాశం సాధారణంగా ఇంకోసారి ఇస్తారు, తిరస్కరణ ఉత్తరంలో ఆ తేదీ చూసుకో. తిరస్కరిస్తారు, అది ముందే అనుకో. కంపెనీ తన బిల్లు తనే చెల్లదంటుందా?

అప్పుడు ఉత్తరం మీద పార్కింగ్ కంపెనీల సంఘాల్లో ఏ సంఘం గుర్తుందో చూడాలి. బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ సభ్యులైతే తర్వాతి మెట్టు పోప్లా, ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ అయితే ఐఏఎస్ (కలెక్టర్ల ఐఏఎస్ కాదు). రెండూ కంపెనీ తిరస్కరించాక అప్పీళ్ళు వినేవే. నీది మొదటిదన్నావు. తిరస్కరణతో పాటు ఒక కోడ్ ఇస్తారు, 28 రోజులు చెల్లుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. పోప్లా తీర్పుకి కంపెనీ కట్టుబడాలి, నువ్వు కట్టుబడక్కర్లేదు. కానీ ఇక్కడికొస్తే 60 పోయినట్టే, ఓడితే 100. ఇది తెలిసే ఎక్కు.

పోప్లాలో అసలు ఆట కంపెనీ తన సాక్ష్యాల కట్ట పెట్టాక మొదలవుతుంది. దాని మీద నీ మాట చెప్పడానికి ఏడు రోజులే ఉంటాయి, ఆ మెయిలు స్పామ్‌లో పడకుండా చూసుకో. ఆ కట్టని పోలీసు చూసినట్టు చూడు. ఒకసారి మా స్నేహితుడి కేసులో డిసెంబరు రాత్రి సంగతికి వాళ్ళు పెట్టిన బోర్డుల ఫోటోల్లో చెట్లు నిండా ఆకులతో పచ్చగా ఉన్నాయి. ఈ దేశంలో డిసెంబరులో ఆకులెక్కడివి? ఒక్క వాక్యం రాశాం, గెలిచాం. బోర్డులెక్కడున్నాయో చుక్కలు పెట్టిన మ్యాపు ఇస్తారు, దాన్ని పట్టుకుని నడిచి చూడు, చుక్క ఉన్నచోట బోర్డు ఉందో లేదో. వాళ్ళ ఫోటోలు పగటివా రాత్రివా, తేదీ ఉందా, నమూనా బోర్డు కంప్యూటర్ బొమ్మా లేక నిజంగా ఆ గోడకున్నదా, అన్నీ చూడు.

కోడ్ ఆఫ్ ప్రాక్టీస్ గురించి, అంటే పార్కింగ్ కంపెనీలు పాటించాల్సిన నియమావళి గురించి కూడా అడిగావు. ప్రభుత్వం 2019లో చట్టం చేసింది, 2022 ఫిబ్రవరిలో కోడ్ ప్రచురించింది, కంపెనీలు కోర్టుకెళ్తే అదే ఏడాది జూన్‌లో వెనక్కి తీసుకుంది. ఇప్పుడు నడుస్తున్నది 2024 అక్టోబరు 1 నుంచి ఆ రెండు సంఘాలూ కలిసి తమకి తామే రాసుకున్న ఉమ్మడి కోడ్. పాత స్థలాల్లో బోర్డులు మార్చుకోవడానికి 2026 డిసెంబరు 31 దాకా తమకి తామే గడువిచ్చుకున్నారు. ‘మాకింకా గడువుంది’ అని వాళ్ళంటే ఒకటే జవాబు: ఆ గడువు సంఘం నియమానికి, బోర్డు చదవగలిగేలా ఉండాలన్న చట్టానికి కాదు.

ఇదే దారిలో ఇంకో చిన్న సంగతి, నీకు కాదు గానీ ఫ్లాట్లలో స్నేహితుల ఇళ్ళకెళ్ళి ఉత్తరాలు తెచ్చుకునేవాళ్ళకి. బోర్డు మీద ‘పర్మిట్ ఉన్నవాళ్ళకి మాత్రమే’ అని ఉంటే, పర్మిట్ లేనివాడికి అది ఏ అవకాశమూ ఇవ్వట్లేదు, రావద్దంటోంది. రావద్దన్నవాడితో ఒప్పందమెక్కడ కుదిరింది? అది అక్రమ ప్రవేశం, దాని మీద దావా స్థలం యజమానిది అని వాదించొచ్చు. 2016లో హై వికమ్ కౌంటీ కోర్టు ఒక కేసులో ఇలాగే కొట్టేసింది. కింది కోర్టు తీర్పు కాబట్టి మిగతా జడ్జీలు కట్టుబడక్కర్లేదు, అయినా చెప్పదగ్గ వాదనే.

పోప్లాలోనూ ఓడితే కట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేనైతే ఆ పాత బోర్డు ఫోటో చేతిలో ఉంటే కట్టను. అప్పుడు వసూలు ఏజెన్సీల ఉత్తరాలొస్తాయి, ఎర్ర అక్షరాలతో, ఇంకో 70 పౌండ్లు కలిపి. వాళ్ళు బెయిలిఫ్‌లు (కోర్టు తీర్పు మీద జప్తుకొచ్చేవాళ్ళు) కాదు, నీ గుమ్మం తొక్కే అధికారం వాళ్ళకి లేదు. అవి ఫైల్లో పెట్టుకో. పడెయ్యకూడనివి రెండే. ఒకటి, కేసు వేయబోతున్నామన్న ‘లెటర్ బిఫోర్ క్లెయిమ్’, దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండు, కోర్టు నుంచే వచ్చే క్లెయిమ్ ఫారం. అది అందిన 14 రోజుల్లో అందిందని ఆన్‌లైన్‌లో చెప్తే, డిఫెన్స్ రాయడానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. చిన్న మొత్తాల కోర్టు, వకీలు అక్కర్లేదు, ఓడినా ఖర్చు హద్దులోనే ఉంటుంది. తీర్పొచ్చాక నెలలోపు మొత్తం కట్టేస్తే సీసీజే, అంటే ఆ కౌంటీ కోర్టు తీర్పు, రికార్డు నుంచి పోతుంది. కట్టకపోతే ఆరేళ్ళుంటుంది, ఇంటి లోను దగ్గరా ఆ వీసా ఫారం దగ్గరా అప్పుడు నిజంగానే అడ్డొస్తుంది.

మనవాళ్ళు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే, అది కూడా వాదనలో ఓడి కాదు. చదువైపోయి రీడింగ్ నుంచి లీడ్స్‌కి, అక్కడ్నుంచి ఇంకో ఊరికి మారుతారు, లాగ్‌బుక్‌లో పాత చిరునామాయే ఉంటుంది. కోర్టు కాగితం పాత ఇంటికెళ్తుంది, కొత్త అద్దెవాళ్ళు రీసైక్లింగ్ డబ్బాలో వేస్తారు, ఏడాది తర్వాత లోనుకి వెళ్తే అప్పుడు తెలుస్తుంది. వచ్చే నెల ఇల్లు మారుతున్నానని రాశావు కదా. డీవీఎల్ఏలో లాగ్‌బుక్ చిరునామా ఆరోజే మార్చు, ఉచితమే. లైసెన్సుది వేరేగా మార్చాలి, ఒకటి మారిస్తే రెండోది మారదు. పార్కింగ్ కంపెనీకి కూడా కొత్త చిరునామా మెయిలు పెట్టి, దాని కాపీ దాచుకో.

ఈ శనివారమే ఫోటోలకి వెళ్ళు. తెచ్చాక అప్పీలు ముసాయిదాతో పాటు ఇక్కడ పెట్టు, చూస్తాను. నంబర్ ప్లేటూ, రిఫరెన్స్ నంబరూ, నీ పేరూ చెరిపేసి పెట్టు, ఇక్కడి ప్రశ్నలూ జవాబులూ ఆ కంపెనీలవాళ్ళు కూడా చదువుతారు.